పాఠం చెబుతూనే పుస్తకమైన పంతులు
పర్లాకిమిడి బడిలో పుట్టిన గిడుగు రామమూర్తి రచనలు

పదిహేడేళ్ల కుర్రవాడు, నెలకు ముప్పై రూపాయల జీతం, చిన్న తరగతులకు చరిత్ర పాఠం. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో చేరిన రోజున గిడుగు వెంకట రామమూర్తికి ఉన్నది ఇంతే. యాభై ఒక్క ఏళ్ల తర్వాత, 1931లో, మద్రాసు ప్రభుత్వం ఆయన రాసిన సవర భాషా వ్యాకరణాన్ని అచ్చు వేసింది. ఈ రెంటికీ మధ్య ఆయన వేరే పెద్ద ఉద్యోగానికి వెళ్లలేదు. రాయడానికని బడి పని మానుకోలేదు. ఆ బడిలోనే, ఆ పిల్లల మధ్యనే, ఆ ఊరి చుట్టుపక్కలే ఆయన రచనలన్నీ మొలకెత్తాయి.

ఏటా ఆగస్టు 29న మన బళ్లలో తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. ఆయన పటానికి దండ వేస్తాం. వ్యావహారిక భాషోద్యమ పితామహుడని పిల్లల చేత చెప్పిస్తాం. ఆయన మనలాగే హాజరు పట్టీ తీసుకుని తరగతి గదిలోకి వెళ్లిన మనిషి అన్న సంగతి మాత్రం అంతగా చెప్పం. ఆయన పని చేసిన పర్లాకిమిడి ఇప్పుడు ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. అక్కడి తెలుగు కుటుంబాలు మనలాగే భాషా అల్పసంఖ్యాకులు. అందుకని ఈసారి ఆయన జీవితాన్ని ఉద్యమకారుడి కథగా కాకుండా, ఒక బడిపంతులు తన ఉద్యోగంలోంచి రచనలు ఎలా పోగు చేసుకున్నారన్న కథగా చెప్పుకుందాం.

తండ్రి పోయిన పిల్లవాడు

రామమూర్తి 1863 ఆగస్టు 29న వంశధార ఒడ్డున, శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. తల్లి వెంకమ్మ. తండ్రి వీర్రాజు రెవెన్యూ ఉద్యోగి. చోడవరానికి బదిలీ అయ్యి, అక్కడే విషజ్వరంతో 1875లో కన్నుమూశారు. అప్పటికి పిల్లవాడికి పన్నెండేళ్లు. బంధువుల అండన విజయనగరం చేరి మహారాజావారి బడిలో చదువుకున్నారు. అక్కడే గురజాడ అప్పారావు తోటి విద్యార్థి. ఇద్దరూ తర్వాత తలో దారిన పోయినా, పాతికేళ్లు గడిచాక ఒకే పని మీద మళ్లీ కలుస్తారు. ఆ సంగతి ముందు చెప్పుకుందాం.

1879లో మెట్రిక్యులేషన్ గట్టెక్కింది. పైచదువుకు డబ్బు లేదు, ఇంటి బరువు మీద పడింది. ఆ మరుసటి ఏడే పర్లాకిమిడిలో ఉద్యోగం. చదువు ఆపేశారనుకుంటే పొరపాటే. పగలు పాఠం చెబుతూ, రాత్రి తను చదువుకుంటూ ప్రైవేటుగా 1886లో ఎఫ్‌ఏ, 1890ల్లో బీఏ పూర్తి చేశారు. బీఏలో చరిత్రలో ప్రథమ శ్రేణి వచ్చింది. రాజావారి బడి కళాశాలగా పెరిగాక పై తరగతులకూ ఆయనే చరిత్ర చెప్పారు.

మన తోటి ఉపాధ్యాయుల్లో చాలామంది ఇలా చదువుకున్నవాళ్లే. ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో డిగ్రీ, సెలవుల్లో పరీక్షలు. డిగ్రీ చేతికొచ్చాక జీతం పెరుగుతుంది, పుస్తకం మూతపడుతుంది. రామమూర్తి పంతులు చదువుకున్న చదువు మాత్రం మర్నాటి పాఠంలోకి వచ్చేది. పాఠంలో తేలని ప్రశ్న మళ్లీ ఆయన్ని చదువులోకి తోసేది.

చరిత్ర పాఠం చెబుతూ శాసనాల దాకా

చరిత్ర చెప్పే మాస్టారికి ఎప్పుడూ ఒక చిక్కు ఉంటుంది. పుస్తకంలో ఉన్నదంతా ఎక్కడో దూరపు ఊళ్ల కథ. పిల్లలు రోజూ చూసే గుడి గురించి, చెరువు గురించి అందులో ఒక్క ముక్క ఉండదు. పర్లాకిమిడికి దగ్గరలోనే శ్రీముఖలింగం ఉంది. అది తూర్పు గాంగ రాజుల నాటి ఆలయాలున్న ఊరు. గోడల నిండా శాసనాలు. ఆ ఊళ్లో వాటిని చూసి దండం పెట్టి వెళ్లిపోయేవాళ్లే తప్ప చదివేవాళ్లు లేరు.

రామమూర్తి అక్కడికి వెళ్లి, పాత లిపిని తనంతట తానే నేర్చుకుని ఆ శాసనాలను చదివారు. చదివినదాన్ని రాసుకున్నారు. రాసుకున్నదాన్ని పెద్ద పండితుల ముందు పెట్టడానికి జంకలేదు. భారత ప్రభుత్వ శాసన పరిశోధన పత్రిక ఎపిగ్రాఫియా ఇండికా నాలుగో సంపుటంలో, గాంగరాజు వజ్రహస్తుడి నడగాం రాగిరేకుల శాసనాన్ని పరిష్కరించి ప్రచురించినవారు ఆయనే. అది 1896–97 నాటి సంపుటం. శాసనాల్లో కనిపించే కళింగనగరం అనే రాజధాని ఈ ముఖలింగమేనని ఆయన వాదించారు. దేశంలోని ప్రసిద్ధ శాసన పరిశోధకుల సరసన ఒక జమీందారీ ఊరి బడిపంతులు పేరు అచ్చయిందంటే, దాని వెనక పలుకుబడి ఏమీ లేదు. పాఠం సరిగా చెప్పాలన్న పట్టుదల ఉంది. ఊళ్లోనే ఉన్న రాయిని చదవాలన్న ఓపిక ఉంది.

ఈ శాసనాల చదువు తర్వాత మరో విధంగా అక్కరకొచ్చింది. పాతకాలం తెలుగు ఎలా ఉండేదో, మామూలు మనుషులు ఎలా రాసేవారో రాళ్ల మీదే కనిపించింది. ఇరవై ఏళ్ల తర్వాత భాష గురించి పెద్ద వాదం లేచినప్పుడు ఈ నోటు పుస్తకాలే ఆయనకు సాక్ష్యాలయ్యాయి. ఒక పని కోసం రాసి పెట్టుకున్నది మరో పనికి ఉపయోగపడటం ఆయన జీవితంలో చాలాసార్లు జరిగింది.

బడికి రాని పిల్లల భాష

పర్లాకిమిడి పక్కనే కొండలు. ఆ కొండల్లో సవరలు ఉంటారు. సంతకు దిగివచ్చేవారు. తేనె, పసుపు, చింతపండు లాంటి కొండ సరుకు అమ్ముకుని ఉప్పూ గుడ్డా కొనుక్కుని వెళ్లేవారు. బేరంలో మోసపోయేవారు. కాగితం మీద ఏం రాసి ఉందో తెలియక వేలిముద్ర వేసి భూములు పోగొట్టుకునేవారు. వాళ్ల పిల్లలు బడి మొహం చూడలేదు. చూసినా లాభం లేదు, బడిలో చెప్పేది వాళ్లకు అర్థమయ్యే భాష కాదు.

ఈ పిల్లలకు చదువు చెప్పాలనుకున్నారు రామమూర్తి. తెలుగు నేర్పి చదువు చెప్పడం సులువైన దారి. ఆయనకది సరైన దారిగా తోచలేదు. ముందు తను సవర నేర్చుకోవాలనుకున్నారు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లోనే ఉంచుకుని, మాటకు మాట అడిగి రాసుకుంటూ ఆ భాష పట్టుబట్టారు. అక్షరం లేని భాష. నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు, పాఠ్యపుస్తకం లేదు. అవన్నీ తయారు చేయాల్సింది తనే.

సవర తెలుగుకు చుట్టం కాదు. సంతాలీ, ముండారీ భాషలున్న ముండా కుటుంబంలోది. గొంతును ఒక్క క్షణం బిగించి వదిలే ధ్వనులు అందులో ఉన్నాయి, వాటికి తెలుగు అక్షరాల్లో చోటు లేదు. క్రియలోకే కర్మ వచ్చి కలిసిపోయి, మనకు ఒక వాక్యమైనది అక్కడ ఒకే మాట అవుతుంది. లెక్క కూడా వేరు. మనం పది మీద ఒకటి, పది మీద రెండు అని పోతాం. సవరలు పన్నెండు దాకా వెళ్లి, పదమూడును పన్నెండు మీద ఒకటి అని చెబుతారు. ఇది తెలియని మాస్టారు ఆ పిల్లలకు కూడిక చెప్పబోతే ఏమవుతుంది? పిల్లవాడు మొద్దు అనుకుంటాడు. నిజానికి లెక్క తెలియంది మాస్టారికి.

రామమూర్తి కొండల్లో తిరిగారు. ఊరూరా వినీ, అడిగీ, రాసీ, మళ్లీ వాళ్లకే చదివి వినిపించి సరిచూసుకున్నారు. ఆ తిరుగుడులో మన్యపు జ్వరం పట్టుకుంది. జ్వరానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. జీవితాంతం ఆ చెవుడు ఆయన్ని వదల్లేదు. మనుషుల నోట మాట వినడమే పనిగా పెట్టుకున్నవాడికి చెవి పోవడం కంటే పెద్ద దెబ్బ ఏముంటుంది? తండ్రిని పొట్టన పెట్టుకున్నదీ అలాంటి జ్వరమే. అయినా పని ఆపలేదు. కొడుకు గిడుగు సీతాపతి పెద్దవాడై ఈ పనిలో తండ్రికి చేదోడయ్యారు.

చిన్న పుస్తకాల నుంచి పెద్ద పుస్తకాల దాకా

ఆయన మొదట రాసింది వ్యాకరణం కాదు. పిల్లల వాచకాలు. తెలుగు లిపిలో సవర మాటలు, చిన్న చిన్న పాఠాలు. తర్వాత సవరల పాటలు, కథలు సేకరించారు. కొండల్లో సవర పిల్లలకు బళ్లు పెట్టి, మాస్టర్ల జీతాలు సొంత డబ్బులోంచి ఇచ్చారు. వాచకం ఆ బడిలోకి వెళ్లేది, అక్కడ పిల్లవాడు ఎక్కడ తడబడ్డాడో తెలిసేది, మళ్లీ దిద్దుకునేవారు. బడి పుస్తకాన్ని సరిచేసేది, పుస్తకం బడిని నడిపేది.

ఈలోగా ఆయన సంగతి బయటి వాళ్లకూ తెలిసింది. దక్షిణ భారతంలోని కులాలు, తెగల మీద థర్‌స్టన్ 1909లో వెలువరించిన సంపుటాల్లో సవరల గురించిన భాగానికి రామమూర్తి ఇచ్చిన సమాచారం ఆధారమైంది. 1913లో ప్రభుత్వం ఆయనకు బిరుదు ఇచ్చి గౌరవించింది. తర్వాత కైసర్-ఎ-హింద్ పతకమూ వచ్చింది. భాషాశాస్త్రంలో అప్పుడప్పుడే వస్తున్న ఇంగ్లిషు పుస్తకాలు తెప్పించుకుని, వ్యాకరణం ఎలా కట్టాలో ఆయన తనంతట తాను నేర్చుకున్నారు. సవర వ్యాకరణం 1931లో అచ్చయినప్పుడు ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. సవర-ఇంగ్లిషు నిఘంటువు 1938లో వచ్చినప్పుడు డెబ్బై అయిదు. ఇవాళ కూడా సవర భాష మీద పని చేసేవారు ఆ రెండు పుస్తకాలనూ దాటి ముందుకు పోలేరు.

ఈ వరుసను కొంచెం గమనించండి. ముందు నోటు పుస్తకం, తర్వాత పిల్లల వాచకం, తర్వాత పాటలూ కథలూ, అడిగినవారికి సమాచారం, చివరికి వ్యాకరణం, నిఘంటువు. ఒక్క అంగలో పైమెట్టు ఎక్కలేదు. కింది మెట్టు మీద రాసిన ఏ కాగితాన్నీ పారేయలేదు. ఇప్పుడు పోర్ట్‌ఫోలియో అనే మాట బళ్లలో బాగా వినిపిస్తోంది. పిల్లల చేత ఫైళ్లు కట్టిస్తున్నాం. ఆ మాట బళ్లలోకి రాకముందే, ఉద్యోగంలో ఉండగానూ ఆ తర్వాతా యాభై ఏళ్లు అలాంటి ఫైలు కట్టుకుంటూ వచ్చిన మనిషి ఈయన.

ఇన్‌స్పెక్టర్ వేసిన ప్రశ్న

1907 ప్రాంతంలో యేట్స్ అనే దొర ఉత్తర కోస్తా జిల్లాలకు బళ్ల ఇన్‌స్పెక్టర్‌గా వచ్చాడు. తరగతుల్లో తెలుగు పాఠం విన్నాడు. బయట జనం మాట్లాడే తెలుగుకీ, పుస్తకాల్లోని తెలుగుకీ ఇంత తేడా ఎందుకని అడిగాడు. విశాఖపట్నం ఏవీఎన్ కళాశాల ప్రిన్సిపాల్ పీటీ శ్రీనివాస అయ్యంగారిని, విజయనగరంలో గురజాడను, పర్లాకిమిడిలో గిడుగును ఈ ప్రశ్న ఒక్కచోటికి చేర్చింది. ఒకప్పటి సహవిద్యార్థులు ఇద్దరూ అలా మళ్లీ కలిశారు.

ఇన్‌స్పెక్టర్ ప్రశ్న వేసి వెళ్లిపోతే, మామూలుగా మనం ఏదో ఒక జవాబు రాసి ఫైల్లో పెడతాం. రామమూర్తికి అది అప్పటికే రోజూ ఎదురవుతున్న ప్రశ్న. పిల్లలకు మాతృభాషలోనే చదువు చెప్పాలని సవరల కోసం తపించినవాడికి, తెలుగు పిల్లలు తమ బడిలో తమకు తెలియని తెలుగుతో కుస్తీ పట్టడం కొట్టొచ్చినట్టు కనిపించింది. ఇంట్లో అమ్మ మాట్లాడే మాట బడిలో తప్పు అవుతోంది. వ్యాసం రాయమంటే పిల్లవాడి కలం కదలదు. చెప్పాల్సిన సంగతి లేక కాదు, చెప్పే మాట ఒప్పో కాదో తెలియక.

1911లో ముప్పై ఏళ్ల ఉద్యోగం పూర్తి చేసి విశ్రాంతి తీసుకున్నారు. విశ్రాంతి అన్నది పేరుకే. 1913లో ఆధునిక తెలుగు మీద ఇంగ్లిషులో ఒక విజ్ఞాపన ప్రచురించారు. ముప్పై ఏళ్లుగా తరగతిలో చూసినదీ, శాసనాల్లో చదివినదీ, సవర నేర్చుకుంటూ భాష గురించి తెలుసుకున్నదీ ఒకచోట చేరాయి. వ్యాకరణాలకు ముందు భాష ఉంటుంది, రాతకు ముందు నోరు ఉంటుంది అన్నది ఆయన గట్టి నమ్మకం. రాతే లేని సవర భాషలో ఏళ్ల తరబడి పని చేసినవాడికి అది కళ్లారా చూసిన సంగతి.

ఎదురుగాలి

అవతలి పక్షం బలహీనమైంది కాదు. జయంతి రామయ్య పంతులు లాంటి పెద్దలు, ఆంధ్ర సాహిత్య పరిషత్తు వ్యావహారికాన్ని గట్టిగా ఎదిరించారు. స్కూల్ ఫైనల్ వ్యాసరచనలో పిల్లలు వాడుక భాషలోనూ రాయవచ్చని ఒకసారి వచ్చిన వెసులుబాటు, గొడవలతో వెనక్కి పోయింది. 1915లో గురజాడ పోయారు. 1919లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం అధ్యక్షుడిగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. కొన్ని నెలలకే ఆయనా కన్నుమూశారు. అదే ఏడు రామమూర్తి తెలుగు అనే మాసపత్రిక మొదలుపెట్టారు. అది ఏడాది నడిచి ఆగిపోయింది.

ఇన్ని దెబ్బలు తిన్నవాడు కోపంతో తిట్టిపోయడం సహజం. ఆయన వాదంలో వాడి ఉండేది, వెటకారమూ ఉండేది. కానీ బలమంతా సాక్ష్యాల్లో ఉంది. గ్రాంథికంలోనే రాయాలన్న పండితుల పుస్తకాలే తీసి, వాళ్లు పెట్టుకున్న నియమాలకు వాళ్ల వాక్యాలే ఎక్కడెక్కడ తప్పాయో వరసగా చూపించారు. మాస్టారు జవాబుపత్రం దిద్దినట్టే. ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం అలా పుట్టింది. పూర్వపు కవుల, పండితుల ప్రయోగాలు వెతికి తీసి బాలకవి శరణ్యం రాశారు. పాత వచన రచనల సాక్ష్యంతో గద్య చింతామణి కూర్చారు. 1925లో తణుకులో జరిగిన పరిషత్తు సభలో నాలుగు గంటల పాటు ఉదాహరణలతో మాట్లాడారు. చెవి వినపడని మనిషి, ఎదురువాదన సరిగా అందని మనిషి, తన కాగితాల బలంతో అంతసేపు సభను నిలబెట్టారు.

క్రమంగా గాలి మారింది. పత్రికలు, కథలు, నవలలు వాడుక భాషలోకి వచ్చాయి. 1933లో రాజమహేంద్రవరంలో ఆయన సప్తతి మహోత్సవం జరిపి, పరిశోధక వ్యాసాల సంపుటాన్ని అందించారు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. ఇవాళ మీరు చదువుతున్న ఈ పేజీ ఈ భాషలో ఉందంటే అందులో ఆయన చెమట ఉంది.

ఊరు విడిచిన రోజు

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అందులో కలిసింది. అలా కలపకూడదని రామమూర్తి అభ్యంతరం చెప్పారు. మాట నెగ్గలేదు. యాభై ఆరేళ్లు బతికిన ఊరిని, పాఠాలు చెప్పిన బడిని, సవర కొండలను వదిలి డెబ్బై మూడో ఏట రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఆయన వెళ్లిపోయినా అక్కడి తెలుగువాళ్లందరూ వెళ్లిపోలేదు. ఉండిపోయినవాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పుడు ఒడియా ప్రథమ భాషగా ఉన్న నేల మీద తెలుగు అక్షరాలు దిద్దుతున్నారు. బళ్లారిలో, హోసూరులో, సోలాపూరులో మన పిల్లల పరిస్థితీ దాదాపు ఇదే. సరిహద్దు గీత మారింది, ఇంటి భాష మారలేదు. ఇంకో మాట కూడా మరిచిపోకూడదు. ఆయన తన తెలుగు కోసం ఎంత పట్టుబట్టారో, తనది కాని సవర కోసం అంతకంటే ముందే పట్టుబట్టారు. ఏ బడిలోనైనా ఏ పిల్లవాడి ఇంటి మాటకైనా చోటుండాలన్నది ఆయన పక్షం. మన హక్కు అడిగేటప్పుడు మన తరగతిలోనే వెనక బెంచీలో కూర్చున్న వేరే భాష పిల్లవాణ్ని కూడా చూడమని ఆయన జీవితం చెబుతోంది.

మన బల్ల మీద ఉన్న కాగితాలు

ఇక నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. బీఈడీలో పాఠ్యప్రణాళికల రికార్డులు ఎంతో శ్రద్ధగా రాశాను. రంగు పెన్సిళ్లతో గీతలు, అంచులు. మార్కులు పడ్డాక అవి అటకెక్కాయి. ఇల్లు మారినప్పుడు పాత పేపర్లతో పాటు తూకానికి వేసేశాను. ఉద్యోగంలో చేరాక కూడా అంతే. ఏటా పిల్లలు చేసే తప్పులు, వాళ్లు చెప్పిన వింత జవాబులు, మా వీధిలో ముసలమ్మలు చెప్పిన సామెతలు ఎన్నో విన్నాను. ఏ ఒక్కటీ తేదీ వేసి రాసుకోలేదు. రాయడానికి తీరిక లేదనుకున్నాను. రామమూర్తి పంతులు జీవితం చదివాక తెలిసింది, తీరిక దొరికాక రాయాల్సింది వేరే ఎక్కడో లేదని. రోజూ చేస్తున్న పనే రాయాల్సిన సరుకు.

మన బళ్లలో ఆ సరుకు రాష్ట్రంలోని బళ్లకంటే ఎక్కువ. పాఠ్యపుస్తకం సొరకాయ అంటుంది. ఉత్తరాంధ్ర వైపు మూలాలున్న ఇంటి పిల్లవాడు ఆనపకాయ అంటాడు. ఒకరి ఇంట్లో గోంగూర, మరొకరి ఇంట్లో పుంటికూర. పక్క భాష మాటలు కొన్ని మన తెలుగులోకి వచ్చి స్థిరపడ్డాయి. వీటిని ఎర్ర ఇంకుతో కొట్టేయడం ఒక పద్ధతి. ఎవరి ఇంట్లో, ఏ ఊళ్లో, ఏ వయసువాళ్లు అంటున్నారో ఒక నోటు పుస్తకంలో రాసుకోవడం రామమూర్తి పద్ధతి. అయిదేళ్లు రాస్తే మీ ఊరి తెలుగుకు ఒక చిన్న పదకోశం తయారవుతుంది. దాన్ని మీరు తప్ప ఇంకెవరూ రాయలేరు.

అలాగే ఒక్క పాఠం తీసుకోండి. పిల్లలు ఎక్కడ ఆగిపోయారో, ఏ ఉదాహరణతో తేలిగ్గా అందుకున్నారో అదే రోజు నాలుగు వాక్యాలు రాయండి. ఏడాది చివర అవన్నీ చేరిస్తే తోటి ఉపాధ్యాయులకు పనికొచ్చే వ్యాసం అవుతుంది. ఊళ్లో పాత గుడి, సత్రం, మన పూర్వులు ఎప్పుడు ఎందుకు వలస వచ్చారన్న జ్ఞాపకాలు ఉంటే, వాటితో నాలుగో తరగతికి ఒక వాచకం పాఠం రాయండి. ముందు మీ తరగతిలోనే చదివించండి. పిల్లలు తడబడ్డ చోట దిద్దండి. అచ్చు సంగతి తర్వాత. సవర వాచకాలకూ మొదటి పాఠకులు కొండ పిల్లలే.

తల్లిదండ్రులకూ ఇందులో పని ఉంది. రామమూర్తి సవర నేర్చుకున్నది పుస్తకంలోంచి కాదు, ఇంట్లో కూర్చుని ఓపికగా చెప్పిన ఒక మనిషి నోటి నుంచి. మీ ఇంట్లో నానమ్మ, అమ్మమ్మ ఉంటే పిల్లవాడి చేత వాళ్ల పాటలు, కథలు రాయించండి. పిల్లవాడి రాత తప్పులతో ఉంటుంది. ఉండనివ్వండి. ఆ కాగితం మీద తేదీ, చెప్పినవారి పేరు, ఊరు రాసి దాచండి. బడికి పంపండి. పిల్లవాడికి తన ఇంటి భాష చిన్నతనం కాదని ఆ పనే నేర్పుతుంది. అది నేర్చుకున్న పిల్లవాడు తెలుగు మాధ్యమం వదిలి పోయినా తెలుగును వదిలిపోడు.

తెలుగు మాధ్యమం తరగతులు ఒక్కొక్కటిగా పలచబడుతున్న రోజులివి. పిల్లల సంఖ్య చాలక మూతపడిన బడిలో ఏం చెప్పారో, ఆ ఊళ్లో ఎలాంటి తెలుగు మాట్లాడేవారో రాసిపెట్టినవాళ్లు లేకపోతే, బడితో పాటు అదీ పోతుంది. రాసి ఉంటే మిగులుతుంది. పర్లాకిమిడి సరిహద్దు దాటింది, రాజావారి ఏలుబడి పోయింది, తెలుగు పత్రిక ఏడాదికే ఆగింది. నోటు పుస్తకాల్లోంచి పుట్టిన సవర నిఘంటువు మాత్రం ఇప్పటికీ ఉంది.

వచ్చే ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేద్దాం. అంతకంటే ముందు, ఈ సోమవారం బడికి వెళ్లేటప్పుడు సంచిలో ఒక తెల్ల నోటు పుస్తకం వేసుకుందాం. మొదటి పేజీలో తేదీ రాస్తే చాలు. మిగతాది పిల్లలే చెబుతారు.